సరిహద్దు ఎరుగని మురుగు కాలువ

గచ్చిబౌలి నుండి రాయదుర్గం మీదుగా మెహదీపట్నం వచ్చే దారిలో 'బయోడైవర్సిటీ' అనే కూడలి ఉంది. బస్సు కండక్టరు మొదలు ఆటో నడిపే సోదరుని వరకు అందరి నోటా రోజూ ఆ మాట నలుగుతుంది. 2012 అక్టోబరులో మన నగరంలో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు జరిగింది. అప్పుడు వెలసిన ఉద్యానం పేరే ఆ కూడలికి స్థిరపడింది. అక్టోబరు 8 నుండి 19 వరకు మాదాపూరులోని అంతర్జాతీయ సమావేశ కేంద్రంలోను, హైటెక్స్ ప్రాంగణంలోను దేశదేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆ పన్నెండు రోజులలో 15, 16 తేదీలను నగరాల పాలకులకు, ప్రాంతీయ ప్రభుత్వాలకు కేటాయించారు. దేశాల తరఫున రాయబారులు మాట్లాడుకునే చోట ఊళ్ళ తరఫున ఊళ్ళవారే మాట్లాడుకున్నారు.

ఆ రోజులు ఎటువంటివో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. సదస్సుకు సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, సెప్టెంబరు 30న, నెక్లెస్ రోడ్డుపై తెలంగాణ సాగరహారం జరిగింది. ఒకవైపు రాష్ట్రం ఉంటుందో విడిపోతుందో తెలియని ఉద్రిక్తత. మరొకవైపు పచ్చని తోరణాల మధ్య విదేశీ అతిథులు.

రెండేళ్ళ తరువాత అదే మాదాపూరు కేంద్రంలో మరొక పెద్ద సభ జరిగింది. 1985లో ఏర్పడి, బార్సిలోనా కేంద్రంగా పనిచేస్తున్న మహానగరాల సంఘం 'మెట్రోపోలిస్' తన పదకొండవ ప్రపంచ మహాసభను 2014 అక్టోబరు 6 నుండి 10 వరకు ఇక్కడ నిర్వహించింది. 'అందరి కోసం నగరాలు' అన్నది ఆ సభ నినాదం. తెలంగాణ రాష్ట్రం పుట్టి అప్పటికి నాలుగు నెలలు మాత్రమే. హైదరాబాదు పదేళ్ళపాటు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి రాజధానిగా ఉండాలన్న చట్టం అప్పుడే అమలులోకి వచ్చింది. ఆ సభ ముగిసిన రెండు నెలలలోనే, డిసెంబరులో, హైదరాబాదు మహానగరపాలక సంస్థ పాలకవర్గం గడువు తీరింది. కొత్త పాలకవర్గం కోసం జరగవలసిన ఎన్నికలు, ఉన్నత న్యాయస్థానం జోక్యం చేసుకున్న పిమ్మట, 2016 ఫిబ్రవరి 2న జరిగాయి. ప్రపంచంలోని మేయర్లందరికీ ఆతిథ్యమిచ్చిన నగరం ఏడాదికి పైగా తనకంటూ ఒక మేయరు లేకుండా గడిపింది. ఈ సంగతిని ముందు ముందు మళ్ళీ తలచుకోవలసి ఉంటుంది.

ఊళ్ళు దేశాల హద్దులు దాటి చేతులు కలపడం కొత్త విషయమేమీ కాదు. 1913లోనే బెల్జియంలోని ఘెంట్ నగరంలో స్థానిక సంస్థల అంతర్జాతీయ సంఘం ఒకటి పుట్టింది. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది, అయినా సంఘం మిగిలింది. రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1944లో బాంబులకు శిథిలమైన ఇంగ్లండు నగరం కోవెంట్రీ, అంతకన్నా ఘోరంగా శిథిలమైన రష్యా నగరం స్టాలిన్‌గ్రాడ్‌తో సోదర బంధం కలుపుకొన్నది. నేటి సోదర నగరాల ఆచారానికి అటువంటి బంధాలే మొదళ్ళు. 1913 నాటి సంఘం, 1957లో మొదలైన మరొక సంఘం కలిసి 2004లో ఒకే ప్రపంచ సంస్థగా ఏర్పడ్డాయి.

మన దేశంలో ఈ దారి ఇరుకైనది. విదేశీ వ్యవహారాలు పూర్తిగా కేంద్ర ప్రభుత్వానివి. ఏ నగరపాలక సంస్థ అయినా పరదేశపు నగరంతో ఒప్పందం చేసుకోవాలంటే ఢిల్లీలోని విదేశాంగ శాఖ అనుమతి కావాలి. ఆ దారిలోనే హైదరాబాదు 2010లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కు సోదర నగరం అయింది. బ్రిస్బేన్ జాబితా చూస్తే ముచ్చటగా ఉంటుంది. 1978లో జపానుకు చెందిన నగోయా, 1993లో ఇండోనేషియాకు చెందిన సెమరాంగ్, 2009లో అబూధాబీ, ఆ మరుసటి ఏడాది మనం. మన పాఠకుల కుటుంబాలలో అబూధాబీలో అన్న, బ్రిస్బేన్‌లో మేనల్లుడు ఉన్న ఇళ్ళు తక్కువేమీ కాదు. మా మదరసా పైతరగతి విద్యార్థులను ఒకనాడు ఈ బంధం గురించి అడిగాము. ఇరవైమందిలో ఒక్కరికీ తెలియదు. వారిని తప్పు పట్టలేము. ఎవరి గుమ్మంలోకీ రాని బంధం ఎవరికి గుర్తుంటుంది? ఇటువంటి ఒప్పందాలలో చెడు ఏమీ లేదు. అయితే ప్రభుత్వాలు మారిన నాడు, ఫైళ్ళు అటకెక్కిన నాడు, అవి నిలబడతాయా అన్నదే మా ప్రశ్న. నిలబడిన బంధం ఎలా ఉంటుందో చూడాలంటే సైప్రస్ దాకా వెళ్ళాలి.

అరబీ గ్రంథాలు ఖుబ్రుస్ అని పిలిచే ఆ ద్వీపం మన పాఠకులకు పరాయిది కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సహచరిణి హజ్రత్ ఉమ్మె హరామ్ (రజియల్లాహు అన్హా) సముద్ర యాత్రలో పాల్గొని, ఆ నేలపై వాహన జంతువు మీది నుండి పడి కన్నుమూసిన ఉదంతం హదీసు పాఠాలలో చదివినదే. హజ్రత్ ఉస్మాన్ (రజియల్లాహు అన్హు) ఖిలాఫత్ కాలం అది. ఆమె సమాధిగా ప్రసిద్ధి పొందిన హాలా సుల్తాన్ తెక్కె లార్నకా పట్టణం దగ్గర, ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఉంది. ఆ స్థలం నేడు గ్రీకు సైప్రస్ వారి పాలనలోని దక్షిణ భాగంలో ఉన్నది. తుర్కీ మాట్లాడే ముస్లిములలో అత్యధికులు ఉన్నది ఉత్తరాన.

ఆ విభజన కథ సంగ్రహంగా చెబుతాము. 1963 డిసెంబరులో రాజధాని నికోసియాలో గ్రీకు, తుర్కీ వర్గాల మధ్య ఘర్షణలు చెలరేగాయి. ఒక బ్రిటిషు సేనాని పటంపై ఆకుపచ్చ పెన్సిలుతో గీత గీసి ఇరువర్గాలను విడదీశాడు. ఆ గీతకు నేటికీ ఆకుపచ్చ రేఖ అనే పేరు. 1974 జులైలో గ్రీసు సైనిక ప్రభుత్వం అండతో అక్కడ తిరుగుబాటు జరిగింది, ఆ వెంటనే తుర్కీ సైన్యం దిగింది. ద్వీపం రెండయింది. గుండ్రని కోటగోడ, పదకొండు బురుజులు గల పాత నికోసియా నగరాన్ని ముళ్ళతీగె, ఇసుక బస్తాలు, ఐక్యరాజ్యసమితి కావలివారి గుడారాలు నడిమికి చీల్చాయి. అంతర్జాతీయంగా అది దేశాల సరిహద్దు కాదు. అయినా దానిని దాటడం ఏ దేశపు సరిహద్దు దాటడం కన్నా కష్టమైంది.

మనుషులు విడిపోయారు గాని నేల వాలు మారలేదు. నీరు పల్లమెరుగును. నికోసియా గుండా పారే పెడియోస్ ఏరు దక్షిణాన కొండలలో పుట్టి ఉత్తరానికి, అటుపై తూర్పుకు పోతుంది. 1974కు ముందే నగరమంతటికీ కలిపి భూగర్భ మురుగునీటి వ్యవస్థను తలపెట్టారు. పెద్ద గొట్టాలు కొన్ని వేశారు. శుద్ధి కేంద్రానికి ఈశాన్యాన పల్లంలో ఉన్న మియా మిలియా గ్రామాన్ని ఎంచుకున్నారు. యుద్ధం ముగిసేసరికి ఆ గ్రామం ఉత్తర భాగంలో చేరింది. మురుగులో అధిక భాగం దక్షిణాన, దానిని శుద్ధి చేసే చోటు ఉత్తరాన! ఇళ్ళ వెనుక గుంతలు నిండిపోతున్నాయి. రెండు వైపులా దోమలు, దుర్గంధం, కలుషితమైన భూగర్భ జలం.

అప్పుడు దక్షిణాన మేయరు లెలోస్ దిమిత్రియాదిస్, వృత్తిచే న్యాయవాది, 1971 నుండి పదవిలో ఉన్నవాడు. ఉత్తరాన ముస్తఫా అకింజీ, వాస్తుశిల్పం చదివినవాడు, 1976లో ముప్పై ఏళ్ళు నిండకుండానే ఎన్నికైనవాడు. ఒకరి పదవిని మరొకరి పక్షం గుర్తించదు. సంతకం ఏ హోదాలో పెట్టాలన్నదే మొదటి చిక్కు. సంతకం పెడితే ఎదుటివారి పాలనను ఒప్పుకున్నట్లవుతుందని ఇరువైపుల పెద్దల భయం. హోదాల తగవును పక్కన పెట్టి, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం మధ్యవర్తిత్వాన, ఆ ఇద్దరూ గొట్టాల గురించి మాత్రమే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఇంజనీర్లు రేఖ దాటి కలిశారు. 1980 ప్రాంతంలో శుద్ధి కేంద్రం పనిచేయసాగింది.

మురుగుతో మొదలైన మాట అంతటితో ఆగలేదు. మనకు నచ్చిన ఘట్టం ఇదే. 1979లో రెండు పక్షాలూ ఉమ్మడి నగర ప్రణాళికకు ఒప్పుకున్నాయి. ఏనాటికైనా నగరం ఒకటైతే వీధులు ఒకదానికొకటి అతికేలా, ఒకటి కాకపోయినా ఎవరి భాగం వారికి పనికివచ్చేలా, రెండు విధాలుగా పటాలు గీశారు. పాత నగరంలో ఉత్తరాన అరబ్ అహ్మద్ పేట, దక్షిణాన క్రిసాలినియోటిసా పేట, ఒకటి మసీదు చుట్టూ మరొకటి చర్చి చుట్టూ అల్లుకున్నవి. రెండింటినీ ఒకే పద్ధతిన పునరుద్ధరించారు. 1983 నవంబరు 15న ఉత్తర భాగం తనను తాను స్వతంత్ర గణరాజ్యంగా ప్రకటించుకుంది. తుర్కీ తప్ప ఎవరూ గుర్తించలేదు. పెద్దల చర్చలు ఎన్నోసార్లు చెడిపోయాయి. నగర ప్రణాళికకు చెందిన ఇంజనీర్లు, వాస్తుశిల్పులు మాత్రం కలుస్తూనే వచ్చారు. 2003 ఏప్రిల్ 23న మొదటిసారి సామాన్యులకు దారి తెరిచారు. 2007లో పాత నికోసియా పునరుద్ధరణకు ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం లభించింది. 2008 ఏప్రిల్ 3న నగరం నడిబొడ్డున ఉన్న లెద్రా వీధి తెరుచుకుంది. 2014లో మియా మిలియా వద్దనే, ఉత్తరాదివారు హస్పోలాత్ అని పిలిచే చోట, కొత్త శుద్ధి కేంద్రాన్ని ప్రారంభించారు. రోజుకు మూడు కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేసే ఆ కేంద్రానికి ఐరోపా సమాఖ్య, దక్షిణ నికోసియా మురుగునీటి బోర్డు కలిసి డబ్బు పెట్టాయి.

కథను తియ్యగా ముగించడం మాకు ఇష్టం లేదు. ఆ ముస్తఫా అకింజీయే 2015లో ఉత్తర సైప్రస్ అధినేతగా ఎన్నికయ్యాడు. 2017లో స్విట్జర్లాండులో జరిగిన చర్చలు ఆయన హయాంలోనే విఫలమయ్యాయి. మురుగు కాలువను కలిపినవాడు దేశాన్ని కలపలేకపోయాడు. ద్వీపం నేటికీ రెండుగానే ఉంది. అయినా నికోసియాలో ఏ ఇంటి ఇల్లాలైనా పళ్ళెం కడిగిన నీటిని పారబోస్తే, అది ఏ వైపు ఇల్లయినా సరే, ఆ నీరు చేరే చోటును ఇరువైపులవారూ కూర్చుని నిర్ణయించుకున్నారు. యుద్ధం జరిగిన అయిదారేళ్ళకే నిర్ణయించుకున్నారు.

ఇది దూరదేశపు ముచ్చట అనుకోనక్కరలేదు. తెలుగు నేలపైన కూడా ఒకప్పుడు రెండు దేశాల సరిహద్దు ఉండేది. కాకినాడకు సమీపంలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం, 1947లో మనకు స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఏడేళ్ళు ఫ్రాన్సు దేశపు భూభాగమే. చుట్టూ గోదావరి జిల్లా, నడుమ పరదేశం. అవతలి వీధిలో ఒక చట్టం, ఇవతలి వీధిలో మరొకటి. 1929 నాటి శారదా చట్టం బాల్య వివాహాలను నిషేధించినప్పుడు, చుట్టుపక్కల జిల్లాల నుండి పిల్లలను యానాం తీసుకుపోయి పెండ్లిండ్లు చేసిన కుటుంబాలు ఎన్నో! ఆ ఊరికి కల్యాణపురం అని పేరు కూడా వచ్చింది. సరిహద్దు ఎప్పుడూ మేలు చేసే గోడ కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

ఫ్రెంచివారు తమ భారత భూభాగాలలో 19వ శతాబ్దం చివరనే పురపాలక సభలు పెట్టారు. ప్రతి పట్టణానికీ ఒక మేయరు ఉండేవాడు. 1954 జూన్‌లో యానాం ఫ్రెంచి పాలన నుండి బయటపడింది. అదే సంవత్సరం అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరు గ్రామంలో, మిగిలిన భూభాగాల భవిష్యత్తు తేల్చడానికి ఓటు వేసినవారు ఎవరు? ఢిల్లీ మంత్రులు కారు, పారిస్ మంత్రులు కారు. ఎన్నికైన ప్రతినిధులు 178 మంది, వారిలో అధిక సంఖ్యాకులు పురపాలక సభ్యులు. 170 మంది భారతదేశంలో విలీనానికి, 8 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. ఫ్రాన్సు పార్లమెంటు ఆమోదం పొంది ఒప్పందం 1962 ఆగస్టు 16న చట్టబద్ధమైంది. రెండు ప్రభుత్వాలు ఏళ్ళ తరబడి తేల్చుకోలేనిదానిని వార్డు సభ్యులు ఒక్క పూటలో తేల్చారంటే అతిశయోక్తి అవుతుంది. వెనుక పెద్ద ప్రజా పోరాటం ఉంది, రెండు ప్రభుత్వాల మధ్య ముందుగా కుదిరిన అవగాహన ఉంది. కాని ఆ రోజున 'మా ఊరి మాట ఇది' అని చెప్పే అధికారం గలవారు ఊరిలో ఉన్నారు.

మన హైటెక్ నగర ప్రాంతంలో ఆ అధికారం ఎవరిదో వెతికి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ భవనాన్ని నాటి ప్రధానమంత్రి వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ సమయానికి హైదరాబాదు నగరపాలక సంస్థకు ఎన్నికైన పాలకవర్గం లేదు. 1986 తరువాత 2002 వరకు అక్కడ ఎన్నికలే జరుగలేదు. మాదాపూరు, కొండాపూరు, హఫీజ్‌పేట తదితర గ్రామాలున్న శేరిలింగంపల్లి వేరొక పురపాలక సంఘం. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ అని మరొకటి వచ్చింది. 2008లో అది హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. ఇక ఐటీ సంస్థల పెద్ద పెద్ద భవనాలు ఉన్న పారిశ్రామిక స్థలాలలో ఇంటిపన్ను వసూలు చేసేది 'ఐలా', అనగా పారిశ్రామిక ప్రాంత స్థానిక అధికార సంస్థ. వచ్చినదానిలో ఒక వాటా మాత్రమే నగరపాలక సంస్థకు పోతుంది. 2007 ఏప్రిల్ 16న శేరిలింగంపల్లితో సహా పన్నెండు పురపాలక సంఘాలను కలిపి మహానగరపాలక సంస్థ చేశారు. దానికి తొలి ఎన్నికలు 2009 నవంబరులో గాని రాలేదు. పాలకవర్గం గడువు తీరకముందే కొత్త ఎన్నికలు పూర్తి కావాలని 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ స్పష్టంగా చెబుతున్నది. మన నగరం విషయంలో ఆ వాక్యం కాగితంపై భద్రంగా ఉంది.

ఊరి తరఫున మాట్లాడేవారు లేకపోతే ఏమవుతుందో 2020 మార్చిలో కళ్ళారా చూశాము. లాక్‌డౌన్ ప్రకటించగానే మాదాపూరు, గచ్చిబౌలి, అమీర్‌పేటలలోని హాస్టళ్ళలో వంట ఆగింది. ఐటీ ఉద్యోగులు, శిక్షణకు వచ్చిన యువతీయువకులు వేలమంది ఇళ్ళకు పోదామని బయలుదేరారు. ఇక్కడి పోలీసులు అనుమతి పత్రాలు ఇచ్చారు. కృష్ణా జిల్లా గరికపాడు దగ్గర, పల్నాటి పొందుగుల దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపివేశారు. మహమ్మారి భయం వారిదీ నిజమే, తప్పంతా ఒకరిపై వేయలేము. రాత్రిళ్ళు చెక్‌పోస్టుల వద్ద, చేతిలో సంచులతో, ఆడపిల్లలు కూడా పడిగాపులు పడ్డారు. పంపిన ఊరు, చేరవలసిన ఊరు ముందుగా ఒక మాట అనుకొని ఉంటే ఒక్క బస్సు కూడా అక్కడిదాకా పోయి ఆగేది కాదు. చివరికి ముఖ్యమంత్రుల స్థాయిలో మాట్లాడుకోవలసి వచ్చింది. ఉమ్మడి రాజధాని గడువు అప్పటికి ఇంకా నాలుగేళ్ళు మిగిలే ఉంది. అది 2024 జూన్ 2తో తీరిపోయింది.

ఇక నీటి మాట. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చిన దుర్గం చెరువు నేడు హైటెక్ నగరం నడుమ ఉంది. 2020లో దానిపై తీగల వంతెన వచ్చింది. సాయంత్రం దీపాల వెలుగులో ఫోటోలు దిగేవారికి కింది నీటి రంగు కనబడదు. రోజుకు 70 లక్షల లీటర్లు శుద్ధి చేసే కేంద్రం 2023లో అక్కడ మొదలైంది. నగరంలో ఇటువంటివి 31 నిర్మించడానికి 2021లో అనుమతి లభించింది. మంచి పనే. శుద్ధి కాని నీరు నాలాల గుండా మూసీలో పడుతుంది. మూసీ ఉమ్మడి నల్లగొండ జిల్లా పొలాల మీదుగా, సూర్యాపేట పక్కగా ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది.

వాడపల్లి దగ్గర కృష్ణపై ఉన్న వంతెన దాటితే పొందుగుల. 2020 మార్చిలో మన పిల్లలను ఆపిన చెక్‌పోస్టు ఉన్నది అక్కడే. నది ఇవతల తెలంగాణ, అవతల ఆంధ్రప్రదేశ్. మనుషులకు చెక్‌పోస్టు పెట్టిన చోట మాదాపూరు మురుగు ఏ అనుమతి పత్రం లేకుండా రాష్ట్రపు హద్దుకు చేరుతుంది. కృష్ణ నీటి తగవులు చూడడానికి 2014 పునర్విభజన చట్టం ఒక యాజమాన్య బోర్డును ఏర్పాటు చేసింది. అందులో కేంద్రం నియమించిన అధ్యక్షుడు, రెండు రాష్ట్రాల అధికారులు, ఇంజనీర్లు కూర్చుంటారు. ఎవరికి ఎన్ని టీఎంసీలు అన్నది వారి లెక్క. నాలా విడిచే హైదరాబాదుకు, దానిని దారి పొడుగునా భరించే సూర్యాపేటకు, నది అవతలి ఒడ్డున ఉన్న దాచేపల్లికి ఆ బల్ల చుట్టూ కుర్చీ లేదు.